కాదంటే కాదని కాగితం మీద రాసి ఇవ్వండి: హోం శాఖ మంత్రి గారికి తిరుపతి నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి, తిరుపతి నుంచి ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

శాంతియుత సభకు పోలీసులు అనుమతి కాదంటే ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వాలన్న విషయంపై గడిచిన పది నెలల్లో నేను మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిది స్పీడ్ పోస్టులో పంపాను. అందినట్టు రసీదు వచ్చింది గాని జవాబు రాలేదు. రెండోది సోమవారం అర్జీల కార్యక్రమంలో మూడు గంటలు వరుసలో నిలబడి నా చేత్తో ఇచ్చాను. పదహారో రోజున "మీ అర్జీ పరిష్కరించబడినది" అని సెల్‌ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో, ఎవరు పరిష్కరించారో అందులో లేదు. మూడోది ఇంకా పై అధికారికి పంపాను. నేను ఎవరి తీరు మీద మొర పెట్టుకున్నానో ఆయనకే అది "తగు చర్య నిమిత్తం" అంటూ తిరిగి చేరిందని విచారిస్తే తెలిసింది. ఇక నలుగురూ చదివే చోట రాయడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

జరిగినది చెబుతాను. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించిన రోజులవి. మా కాలనీ పక్కన పారే వంక ఆ వానల్లోనే పూడిపోయింది. పూడిక తీయించండి, వంకలోకి చొచ్చుకొచ్చిన కట్టడాలను కొలిపించండి అని మేము తిరగని కార్యాలయం లేదు. ఆ తిరుగుడు కథంతా ఇక్కడ చెప్పను, అది మీ శాఖకు సంబంధించినది కాదు. చివరకు గత డిసెంబరులో కాలనీవాసులం అరవై మందిమి ఒక ప్రభుత్వ కార్యాలయం ఎదుట, రోడ్డుకు ఎడంగా ఉన్న ఖాళీ జాగాలో, ఉదయం పది నుంచి పన్నెండు వరకు కూర్చుని మా గోడు వినిపించుకోవాలని నిర్ణయించుకున్నాం. మైకు పెట్టకూడదనీ, ఊరేగింపుగా వెళ్లకూడదనీ, ఎవరికి వారు నడిచి రావాలనీ మాలో మేమే తీర్మానించుకున్నాం. పన్నెండు రోజుల ముందే పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చాం. ఇద్దరు బాధ్యుల పేర్లు, ఫోను నంబర్లు, కూర్చునే చోటు కొలతలు అన్నీ అందులో రాశాం.

ఆ పన్నెండు రోజుల్లో నేను ఆ స్టేషన్‌కు ఐదుసార్లు వెళ్లాను. స్టేషన్‌లో రాతపని చూసే రైటరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఒకరోజు సార్ బందోబస్తులో ఉన్నారన్నాడు. ఇంకొకరోజు ఫైలు పైకి వెళ్లిందన్నాడు. చివరి రోజు సాయంత్రం, "పర్మిషన్ లేదంట సార్, పైనుంచి చెప్పినారు, మేమేం చేసేది" అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసి ఇవ్వండి, కారణం కూడా వద్దు, లేదన్న ఒక్క మాట రాసి కింద సంతకం పెట్టండి చాలు అని అడిగాను. అలా రాసి ఇచ్చే పద్ధతి లేదన్నాడు. మంత్రిగారూ, ఈ లేఖ అంతా ఆ ఒక్క జవాబు గురించే.

మరునాడు తెల్లవారక ముందే, ఐదున్నరకు, గేటు చప్పుడైంది. తలుపు తీస్తే ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడి ఉన్నారు. వారి మోటారు సైకిలు మా గేటుకు అడ్డంగా నిలిపి ఉంది. బయటికి వెళ్లకూడదు సార్ అన్నారు. నన్ను అరెస్టు చేస్తున్నారా అని అడిగాను. లేదు సార్, అరెస్టు కాదు అన్నారు. అయితే నేను వెళ్లవచ్చునా అన్నాను. వెళ్లకూడదు సార్ అన్నారు. అరెస్టూ కాని, స్వేచ్ఛా కాని ఈ మూడో స్థితికి చట్టంలో పేరేమిటో వారికీ తెలియదు, ముప్ఫై రెండేళ్లు పిల్లలకు రాజ్యాంగం గురించి పాఠాలు చెప్పిన నాకూ తెలియదు.

వారు ఒక కాగితం తీసి సంతకం పెట్టమన్నారు. జిరాక్సు తీసి తీసి అక్షరాలు అలుక్కుపోయిన నోటీసు అది. నా పేరు పెన్నుతో నింపారు, తండ్రి పేరు దగ్గర ఖాళీ వదిలేశారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 149 అని అచ్చయి ఉన్నచోట, ఆ చట్టం 2024 జూలై 1 నుంచి లేదు గనుక, దాన్ని కొట్టేసి పక్కన కొత్త చట్టంలోని 168 అని చేత్తో రాశారు. నేను ఏ నేరం చేయబోతున్నానో రాయవలసిన చోట ఏమీ రాయలేదు. నాకొక ప్రతి ఇవ్వమంటే ఒక్కటే తెచ్చామన్నారు. నా కళ్లద్దాలు తెచ్చుకుని దాన్ని పూర్తిగా చదివేలోపే, ఆ కాగితం చేత్తో పట్టుకుని ఉన్న నన్ను ఒకతను ఫొటో తీశాడు. గ్రూపులో పెట్టాలి సార్ అన్నాడు. పాలప్యాకెట్ కోసం వీధి చివరి బూత్ దాకా నా భార్య బయలుదేరితే, ఆమె వెంట ఒక కానిస్టేబులు నడిచి వెళ్లి, నడిచి వచ్చాడు. వీధిలోని ఆడవాళ్లు ముగ్గుచిప్పలు పట్టుకుని నిలబడిపోయి చూశారు. మా ఇంటికి పోలీసులు రావడం మా పెళ్లయిన నలభై ఏళ్లలో అదే మొదటిసారి. ఆమె ఆ రోజు నాతో ఆ విషయం ఒక్క మాటా మాట్లాడలేదు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు మాత్రం, "మనమేం తప్పు చేశామండీ" అని అడిగింది. మధ్యాహ్నం రెండున్నరకు ఆ ఇద్దరూ వెళ్లిపోయారు. వారి మీద నాకు ఎలాంటి కోపమూ లేదు. ఉదయం నుంచి వారికీ తిండి లేదు, మా ఇంట్లోనే ఉప్మా తిన్నారు.

ఇప్పుడు నా వాదన వినండి.

సెక్షన్ 30 అమల్లో ఉందని మన జిల్లాల్లో నెల తర్వాత నెల ప్రకటిస్తూనే ఉంటారు. ఆ సెక్షన్ 1861 నాటి పోలీసు చట్టంలోది. 1857 తిరుగుబాటు జరిగిన నాలుగేళ్లకు తెల్లదొరలు తెచ్చిన చట్టం. అంతటి చట్టం కూడా సభలను మొత్తంగా నిషేధించే అధికారం పోలీసులకు ఇవ్వలేదు. సందర్భాన్ని బట్టి సభలు, ఊరేగింపులు నడిచే తీరును నిర్దేశించవచ్చునన్నది. అదుపు లేకపోతే శాంతికి భంగం కలిగేలా ఉందని అధికారి భావించినప్పుడు, నిర్వాహకులను లైసెన్సు తీసుకోమని నోటీసు ఇవ్వవచ్చునన్నది. లైసెన్సులో షరతులు రాయవచ్చునన్నది, దానికి రుసుము తీసుకోకూడదని కూడా అన్నది. ఆ షరతులు మీరినవారిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి నేరం రుజువు చేస్తే వేయగలిగిన జరిమానా 200 రూపాయలకు మించదు. అంటే నేను ఆ రోజు నిజంగా వెళ్లి కూర్చుని, నేరం రుజువై ఉంటే 200 రూపాయలతో పోయేది. ఏ నేరమూ చేయకుండా, ఏ మేజిస్ట్రేటూ చూడకుండా, తొమ్మిది గంటల స్వేచ్ఛ పోగొట్టుకున్నాను.

ఆ చట్టం తర్వాత మనం రాజ్యాంగం రాసుకున్నాం. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు 19వ అధికరణంలో ఉంది. పరిమితులూ ఆ అధికరణంలోనే ఉన్నాయి. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, ప్రజాశాంతి కోసం సహేతుకమైన పరిమితులను చట్టం ద్వారా విధించవచ్చు. ఈ పరిమితులను నేను కాదనడం లేదు. కానీ ఒక పరిమితి సహేతుకమా కాదా అని తేల్చాలంటే ముందు దాని హేతువు ఎక్కడో రాసి ఉండాలి కదా? నోటిమాటలోని సహేతుకతను ఏ న్యాయమూర్తి తూచగలడు? 1972లో అహ్మదాబాద్ సభ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పినదీ ఇదే. వీధుల్లో జరిగే సభలను ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చు గాని, ఏ ప్రమాణమూ లేకుండా అధికారి ఇష్టానికి వదిలేసే నిబంధన చెల్లదని కొట్టివేసింది. 2020 జనవరిలో కాశ్మీర్ ఆంక్షల కేసులో, ఇలాంటి ఉత్తర్వులను ప్రజలకు తెలిసేలా ప్రచురించాలనీ, న్యాయమైన అభిప్రాయాన్నీ, మొరనూ అణచడానికి ఆ అధికారాన్ని వాడకూడదనీ చెప్పింది. అంత సంక్షుభితమైన చోట, అంత పెద్ద వ్యవహారంలో కాగితం తప్పనిసరి అయినప్పుడు, తిరుపతిలో వంక పూడిక కోసం కూర్చుంటామన్న అరవై మందికి కాగితం ఇవ్వడానికి అడ్డేమిటి?

ఇంట్లో కూర్చోబెట్టడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది మన రాష్ట్రంలో ఎంత మామూలైపోయిందంటే పత్రికల్లో కూడా ఒక మూల చిన్న వార్తగా వచ్చి పోతోంది. అరెస్టు అయితే 22వ అధికరణం ఉంది. కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. ముందస్తు అరెస్టుకు కూడా, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 170వ సెక్షన్‌లో షరతులున్నాయి. పోలీసులు వారెంటు లేకుండానే అరెస్టు చేయదగిన నేరం చేసే ఆలోచన ఉండాలి, దాన్ని ఆపడానికి వేరే మార్గం ఉండకూడదు. గృహ నిర్బంధంలో ఇవేవీ అక్కరలేదు. రికార్డులో ఏదీ ఉండదు, మేజిస్ట్రేటుకు తెలియదు, వకీలుకు చూపించడానికి ఏమీ దొరకదు. అరెస్టు చేసినవాడికి రాజ్యాంగం ఇచ్చిన రక్షణ, అరెస్టు చేయకుండా ఆపేసినవాడికి లేకుండా పోయింది. పోలీసులు తమంతట తాము ఒక మనిషిని అతని ఇంట్లోనే బంధించి ఉంచే అధికారం ఏ సెక్షన్ ఇచ్చిందో మీ శాఖ చెప్పగలిగితే, నేను ఈ లేఖను వెనక్కి తీసుకుని బహిరంగంగానే క్షమాపణ కోరుకుంటాను.

ఒక తెలుగు న్యాయమూర్తి ఈ విషయంపై అరవై ఏళ్ల కిందటే మాట్లాడాడు. ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు 1962లో ఖరక్ సింగ్ కేసు విన్న ధర్మాసనంలో ఉన్నారు. ఒక మనిషి ఇంటి మీద, రాకపోకల మీద పోలీసులు నిఘా పెట్టవచ్చునా అన్నది అక్కడి ప్రశ్న. రాత్రిళ్లు ఇంటికి వచ్చి తలుపు తట్టడం మాత్రం చెల్లదనీ, మిగతా నిఘా చెల్లుతుందనీ ఎక్కువమంది న్యాయమూర్తులు అంటే, సుబ్బారావు గారు ఆ నిబంధన మొత్తం చెల్లదన్నారు. వ్యక్తిగత స్వేచ్ఛలో ఏకాంతం కూడా ఒక భాగమన్నారు. ఆనాడు అది అల్పసంఖ్యాక అభిప్రాయం. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు, ఆయన చూపిన దారే సరైనదని తేలింది. మా గేటుకు అడ్డంగా మోటారు సైకిలు నిలబెట్టిన రోజున ఆ తీర్పు వచ్చి ఎన్నో ఏళ్లయింది.

జీవో నంబరు 1 సంగతి మీకు నేను గుర్తు చేయనక్కరలేదు. కందుకూరులో, గుంటూరులో తొక్కిసలాటలు జరిగి పేదవాళ్లు చనిపోయాక, 2023 జనవరి 2న నాటి ప్రభుత్వం సెక్షన్ 30 పేరు చెప్పి రోడ్ల మీద సభలను కట్టడి చేసింది. ఇప్పుడు అధికారంలో ఉన్న పక్షాలు ఆనాడు దాన్ని వ్యతిరేకించాయి. 2023 మే 12న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ జీవోను నేనూ సమర్థించలేదు. కానీ దానిలో ఒక గుణం ఉండేది. అది కాగితం మీద ఉంది. నంబరు ఉంది, తేదీ ఉంది, కింద సంతకం ఉంది. కనుకనే దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లగలిగారు, న్యాయమూర్తులు చదవగలిగారు, నాలుగు నెలల్లో అది తప్పని తేల్చగలిగారు. ఈనాడు నాకు ఎదురైన ఆంక్షకు నంబరు లేదు, తేదీ లేదు. నేను రిట్ వేయాలంటే దేని మీద వేయాలి? "పైనుంచి చెప్పినారు" అన్న మాట మీదనా? ఎవరు ఏ ప్రభుత్వంలో ఉన్నా ప్రతిపక్షంలో ఉన్నప్పుడు హక్కులు గుర్తుకు రావడం, అధికారంలోకి వచ్చాక శాంతిభద్రతలు గుర్తుకు రావడం మేము చాలాసార్లు చూశాం. ఈ మాట ఏ ఒక్క పార్టీనీ ఉద్దేశించి అనడం లేదు.

తిరుపతిలో ఇంకొక కారణం కూడా చెబుతారు. భక్తులకు ఇబ్బంది కలుగుతుందని. నేను ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడిని, కొండకు వచ్చే మనిషికి కష్టం కలిగించాలని ఈ ఊళ్లో ఎవరూ కోరుకోరు. అందుకే అలిపిరికీ, బస్టాండుకూ, రైల్వే స్టేషనుకూ దూరంగా చోటు ఎంచుకున్నాం. ఈ ఊరికి జనాన్ని నడిపించడం తెలియనిది కాదు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులు ఈ వీధుల్లోనే జరుగుతుంది, వేషాలు వేసుకున్నవాళ్లు వీధి వీధీ తిరుగుతారు, పోలీసులే దారి ఇప్పిస్తారు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఆ రాత్రిని తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అయినా దర్శనమే ఆపేద్దామని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. ఏర్పాట్లు మెరుగుపరచాలనే అందరూ అన్నారు. జనం గుమిగూడిన చోట ప్రమాదం ఉంటే దాన్ని నివారించడం ప్రభుత్వ బాధ్యత. మొక్కు చెల్లించుకోవడానికి వచ్చే లక్షల మంది విషయంలో ఒప్పుకుంటున్న ఈ న్యాయం, మొర చెప్పుకోవడానికి వచ్చే అరవై మందికి ఎందుకు వర్తించదు?

నేను ఈ మాటలు అంటే ఒక అధికారి నాకు అంబేడ్కర్ గారిని గుర్తు చేశారు. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు సత్యాగ్రహం లాంటి పద్ధతులు విడిచిపెట్టాలని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన అన్నమాట నిజమే. ఆ ప్రసంగాన్ని నేను పదో తరగతి పిల్లలకు ఎన్నోసార్లు చదివి వినిపించాను. కానీ ఆ వాక్యంలోని మొదటి సగాన్ని దయచేసి చూడండి. మార్గాలు తెరిచి ఉండాలి. అర్జీ ఒక రాజ్యాంగ మార్గం, దాన్ని చదవకుండానే పరిష్కరించామన్నారు. శాంతియుత సభ ఇంకొక రాజ్యాంగ మార్గం, దానికి గేటు దగ్గరే అడ్డు నిలబడ్డారు. కోర్టు మూడో మార్గం, అక్కడికి పట్టుకెళ్లడానికి కాగితం ఇవ్వలేదు. ఓటు ఉంది కదా అంటారు. ఓటు ఐదేళ్లకొకసారి వస్తుంది, వంక ప్రతి నవంబరులోనూ పొంగుతుంది. రెండు ఎన్నికల నడుమ ప్రజలు తమ మాట ప్రభుత్వానికి చేరవేయడానికే కదా, ఓటుహక్కు ఇచ్చి ఊరుకోకుండా, మాట్లాడే హక్కూ, గుమిగూడే హక్కూ విడివిడిగా రాసింది? ఆ రాసినవారిలో ఈ తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు కూడా ఉన్నారు. రాజ్యాంగ సభ సభ్యుడై, తర్వాత లోక్‌సభ స్పీకరయ్యారు. ఎవరికి మాట్లాడే అవకాశం ఇవ్వాలో, ఎవరిని ఎంతసేపు మాట్లాడనివ్వాలో చూడడమే పనిగా బతికిన మనిషి పుట్టిన ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో మాకు ఈ అనుభవం ఎదురైంది.

మంత్రిగారూ, సభలన్నింటికీ అనుమతి ఇవ్వమని నేను కోరడం లేదు. కొన్నింటిని కాదనడానికి మంచి కారణాలే ఉండవచ్చు. కాదన్నప్పుడు కాదని రాసి ఇప్పించండి. కారణం రాయించండి, సంతకం, హోదా, తేదీ ఉండేలా చూడండి, కోర్టుకు వెళ్లే వ్యవధి మిగిలేలా తగినన్ని రోజుల ముందు ఇప్పించండి. గడువులోగా జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టేనని ఒక మాట చెప్పించండి. మనిషిని ఇంట్లో ఆపవలసి వస్తే, ఏ సెక్షన్ కింద, ఎన్ని గంటలు, ఎవరి ఆజ్ఞ మీద అన్నది అతని చేతికిచ్చే కాగితంలో ఉండాలని ఆదేశించండి. అలా రాయడానికి ఏ సెక్షనూ దొరకకపోతే ఆ పని మానుకోమని చెప్పండి. కింది ఉద్యోగులకు కూడా ఇది మేలే చేస్తుంది. ఇచ్చినవారి పేరు లేని ఆజ్ఞను మోసుకుంటూ తెల్లవారుజామున ఒక ముసలి దంపతుల తలుపు తట్టవలసి రావడం ఆ కానిస్టేబులుకు మాత్రం గౌరవమా? దయచేసి రాసి ఇప్పించండి. నా మూడు అర్జీల్లోనూ ఇదే అడిగాను, ఇప్పుడూ ఇదే అడుగుతున్నాను.

వంకలో పూడిక ఇంకా అలాగే ఉంది. వచ్చే నెల రెండో శనివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు అదే ఖాళీ జాగాలో కూర్చోవడానికి నిన్ననే మళ్లీ దరఖాస్తు ఇచ్చాం. ఈసారి రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను. దానికి వచ్చే జవాబు ఏదైనా సరే, కాగితం మీద, సంతకంతో, ఆ శనివారానికి ముందే మాకు అందేలా చూడవలసిందిగా వేడుకుంటున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి